గడి గోడకు మసి పట్టించే పని

తెల్లవారుజాము. నల్లగొండ వెనకబడి గంటయింది. తారు రోడ్డు దిగిన జీపు చెలకల మధ్య బండ్లబాటలో ఊగుతోంది. హెడ్‌లైట్ల వెలుగులో తాటిచెట్లు ఒక్కొక్కటే లేచి పక్కకు తప్పుకుంటున్నాయి. వాటి వెనక ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న గుండ్లు. మీ ఒళ్లో రిజిస్టరు, కొలత టేపు, టార్చిలైటు. మీరు ఆర్ట్ అసిస్టెంటు. ఎల్లుండి పొద్దున్నే కెమెరా వస్తుంది. అప్పటికల్లా ఈ ఊరి గడి, అంటే దొర ఉండిన కోటలాంటి ఇల్లు, 1925లోకి పోవాలి.

పెద్ద దర్వాజ ముందు దిగుతారు. గడ్డి బండి దూరిపోయేంత రాతి కమాను. టార్చి కొడితే కమాను మీద చెక్కిన చిలకల కన్నా ముందు, వాటి మెడల మీదుగా లాగిన నల్ల కేబులు కనబడుతుంది. తలుపులకు పచ్చ ఎనామిల్ పెయింటు. లోపల వాకిట్లో సింటెక్స్ ట్యాంకు, మిద్దె మీద డిష్షు, సాయబానులో కరెంటు మీటరు, దాని కింద ఎవరో సుద్దతో రాసుకున్న రీడింగులు. పెద్ద అర్రలో గోడకు నల్లబోర్డు. కొన్నేళ్లు ఇందులో బడి నడిచింది.

మేస్త్రి ఒకసారి తల తిప్పి అంతా చూసి, బీడీ ఆర్పేస్తాడు.

"గివన్నీ ఎప్పుడు తియ్యాలె సార్?"

"పొద్దెక్కేలోపల."

"మరి పెట్టేటియి?"

"అటెన్క చూద్దాం అన్నా. ముందు తీసుడు కానియ్యి."

సినిమాలో ఇల్లు అనగానే అందరికీ గుర్తొచ్చేది కట్టడమే. ఫ్రాన్సులో 1930లు, 40లలో ఆ పనికి పెద్ద పేరు అలెగ్జాండర్ ట్రోనేర్. బుడాపెస్ట్‌లో పుట్టి పారిస్ చేరినవాడు. 1938లో 'ఓతెల్ దు నోర్' కోసం పారిస్‌లోని సెయింట్ మార్టిన్ కాలువను స్టూడియో స్థలంలో మళ్లీ కట్టించాడు. మరుసటేడు 'ల జూర్ స లేవ్' వచ్చింది. అందులో హంతకుడైన హీరో గదిలో తలుపేసుకుని, కింద పోలీసులు మోహరించి ఉండగా రాత్రంతా గడుపుతాడు. ఆ గది మేడ మీద పై అంతస్తులోనే ఉండాలని ట్రోనేర్ పట్టుబట్టాడు. కింది అంతస్తయితే సెట్టు ఖర్చు తగ్గేది. కానీ గది కిందికి దిగితే మనిషి ఒంటరితనం కూడా తగ్గిపోతుంది కదా. జర్మన్ల ఆక్రమణ రోజుల్లో 'లెజాన్‌ఫాన్ దు పరాది' తీసినప్పుడైతే నీస్ నగరంలో ఒక వీధికి వీధే లేపారు. యూదుడైన ట్రోనేర్ చాటున ఉండి పని చేస్తే, బయటికి కనబడే బాధ్యత లియోన్ బార్సాక్ మోశాడు. మన దగ్గరా ఆ కాలం కట్టుడు కాలమే. 1957 నాటి 'మాయాబజార్'లో గోఖలే, కళాధర్ కలిసి ద్వారకను మద్రాసులో కట్టారు.

గడిలో సినిమా తీసేవాడికి ఆ ఖర్చు లేదు. ఇల్లు ముందే ఉంది. చిక్కంతా ఎక్కడంటే, ఆ ఇల్లు 1925తో ఆగిపోలేదు. తర్వాత కూడా బతికింది, మనుషులు మారారు, తీగలు వచ్చాయి, గోడల మీద రంగు మీద రంగు పడింది. ట్రోనేర్ కట్టేవాడు. మీరు విప్పాలి.

కేబులు దిగింది. డిష్షు దిగింది. ట్యాంకును నలుగురు పట్టి పెరట్లోకి దొర్లించారు. నల్లబోర్డును మాత్రం తియ్యలేరు, అది సిమెంటుతో గోడలోనే పోసింది. ఆ గోడకు ధాన్యపు గుమ్మి ఒకటి ఆనించేద్దామని రిజిస్టరులో రాసుకుంటారు. మీటరు జోలికీ పోవడానికి లేదు. దాని పైన ఒక కొయ్య గూటం కొట్టి గొంగడి వేలాడదీస్తారు. దక్కన్ నల్లగొర్రె ఉన్నితో నేసిన బరువైన గొంగడి, ఆ పెట్టె అంచులను కూడా బయటికి పొడుచుకు రానివ్వదు. అయితే ఊరికే కప్పితే సరిపోదు. గొంగడి అక్కడ ఎందుకుందని డైరెక్టరు అడిగితే జవాబుండాలి. అది రాత్రి కావలి ఉండేవాడి చోటు. అయితే పక్కనే ఒక కట్టె ఉండాలి, కింద కూర్చోడానికి ఒక బండ ఉండాలి, ఆ బండ మీద తంబాకు ఉమ్మిన మరక ఉండాలి. ఒక మీటరును దాచబోయి ఒక మనిషిని పుట్టించారు మీరు. ఈ పనిలో రుచి ఇదే.

పొద్దు గుండ్ల మీదికి వచ్చింది. వెలుతురులో ఇల్లు మొత్తం కనబడుతోంది.

మీరు నిలబడ్డ ఈ గడి పేరు చెప్పుకోనక్కర్లేదు. ఈ ఎగువ నేలలో ప్రతి పెద్ద ఊరికీ ఇలాంటిది ఒకటి ఉండేది. అప్పటి నల్లగొండ జిల్లాలో జనగామ తాలూకా కూడా కలిసే ఉండేది. విసునూరు దేశ్‌ముఖ్ గడి ఆ తాలూకాలోదే. 1946 జూలై 4న కడవెండిలో ఆ దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు దొడ్డి కొమరయ్య పడిపోయాడు, అక్కడి నుంచి సాయుధ పోరాటం ఊళ్లను చుట్టేసింది. దొరలు పట్నం దారి పట్టారు. కొన్ని గడులు కూలాయి, కొన్నింటిలో బళ్లు, ఆఫీసులు వచ్చాయి. పాలమూరు వైపు సంస్థానాల భవనాలదీ అదే తోవ. వనపర్తి రాజభవనంలో ఇవాళ పాలిటెక్నిక్ నడుస్తోంది. చదువు చెప్పుకోవడం కన్నా మంచి వాడకం ఆ గోడలకు ఇంకోటి దొరకదు గానీ, సినిమావాడికి మాత్రం నల్లబోర్డు తలనొప్పే.

ఇక గోడలు. ఇద్దరు పెయింటర్లు తడి స్పాంజితో, గీకుడు రేకుతో పని మొదలుపెట్టారు. ముందు గులాబీ డిస్టెంపరు పొరలు పొరలుగా ఊడింది. దాని కింద నీలిమందు కలిపిన సున్నం. దాని కింద ఇంకో సున్నం, ఇంకోటి. అన్నింటికన్నా అడుగున రేకు జారిపోతోంది, గీకుడు పడటం లేదు. మేస్త్రి వేలితో తడిమి, "ఆగుండ్రి" అన్నాడు. గచ్చు. గానుగలో ఎద్దులతో తొక్కించిన సున్నానికి బెల్లం నీళ్లు, కరక్కాయ రసం పోసి మెత్తి, గులకరాయితో రోజుల తరబడి రుద్దితే వచ్చే నునుపు. చెయ్యి వేస్తే చల్లగా ఉంది. ఆ మేర గోడను అలాగే వదిలెయ్యమంటారు మీరు. మిగతా గోడను దానికి తగ్గట్టు తేవాలి తప్ప దాన్ని మార్చకూడదు.

ఇప్పుడు కుర్రాళ్లు ఉత్సాహంగా ఒక సంచీ దించారు. అందులో బూజు. దూది పింజలతో, ఫెవికాల్‌తో చేసే సినిమా బూజు. మూలమూలలా వేలాడదీయడానికి సిద్ధంగా ఉన్నారు.

అక్కడ ఆపాలి. మన సినిమాలు చాలా వరకు బోల్తా పడేది ఇక్కడే. పాత కాలం ఇల్లంటే పాత ఇల్లు అనుకుంటారు. 1925లో ఈ గడి పాతది కాదు. అప్పుడు దీంట్లో దొర ఉన్నాడు, దొరసాని ఉంది, రోజూ చీకటితోనే వాకిలి ఊడ్చి సాన్పి చల్లి, గోడల కింద జాజు పూసి, బండలు కడిగే చేతులు డజన్ల కొద్దీ ఉన్నాయి. కూలి ఇవ్వనక్కర్లేని చేతులు. వెట్టి ఉన్న ఇంట్లో బూజు ఎక్కడిది? ఇల్లు నిగనిగలాడుతుండాలి. కాలం బూజులో కనబడదు, వాడకంలో కనబడుతుంది. గడపలో పాదం పడేచోట గుంట, తలుపు అంచున చెయ్యి పడేచోట నల్లటి జిడ్డు, బావి ఒరల మీద చేంతాడు కోసిన గాట్లు. ఇంకొంచెం ఆలోచిస్తే మరొకటి తోస్తుంది. ఈ గుర్తుల్లో ఒక్కటి కూడా దొరది కాదు. దొర తలుపు తీయడు, నీళ్లు చేదడు, దీపం ముట్టించడు. ఇంటి మీద పడ్డ ప్రతి అరుగుదలా చాకిరీ చేసినవాళ్లది. గడిని 1925కి తీసుకుపోవడమంటే చెరిగిపోయిన ఆ చేతుల గుర్తులను మళ్లీ పెట్టుకురావడమే. బూజు సంచీ జీపెక్కింది.

మరి ఆ గుర్తులు ఎక్కడ పెట్టాలో చెప్పేదెవరు?

పది గంటలకు ఒక ముసలవ్వ వచ్చింది. ఏం జరుగుతోందో చూడడానికి వచ్చిందట. దర్వాజ దగ్గర చెప్పులు విడిచింది. మీరు వద్దన్నా వినలేదు. గడి లోపలికి చెప్పులతో రావడం ఆమె ఒంటికి పడదు.

"మా అమ్మ ఈడనే చేసింది బిడ్డా. నేను గింతున్నప్పుడు ఎంబడి వచ్చేదాన్ని."

వంటింటి గోడలో దీపపు గూడు ఉంది. పెయింటరు అప్పుడే దానికి మసి పెడుతున్నాడు. నల్ల పొడిని బ్రష్షుతో అద్ది గూడు పైన మంచి కొనదేలిన ఆకారం తెచ్చాడు. దూరం నుంచి బాగానే ఉంది. అవ్వ కళ్లు చిట్లించి చూసి నవ్వింది.

"గిదేంది, గాసునూనె బుడ్డి పెట్టిండ్రా?"

ఇక్కడ ఆముదం దీపమే ఉండేదట. కిరసనాయిలు బుడ్డి పొగ ఎగజిమ్మి గోడంతా పాకుతుంది. ఆముదం పొగ మెత్తన. గూడు పై అంచును పట్టుకుని అక్కడే పేరుకుంటుంది. కాటుక పట్టడానికి ఆముదమే ఎందుకు వాడతారో ఆలోచిస్తే ఆమె మాట నిజమని తెలిసిపోతుంది. ఒకప్పుడు ఆముదాల పంటంటే నల్లగొండ, పాలమూరు చెలకలదే. ఇంట్లో పండినది వంటింట్లో వెలుగుతుంది, కొనుక్కొచ్చిన కిరసనాయిలు, గాజు చిమ్నీ దొర అర్రకు పోతాయి. అంటే ఈ ఒక్క ఇంట్లోనే రెండు రకాల మసి ఉండాలి. ఇది మీ రిజిస్టరులో ఎక్కడా లేదు.

అవ్వ అంతటితో ఆగలేదు. గూటికి కుడిపక్కన, కొంచెం కిందుగా, గోడ మీద తన మూడు వేళ్లు ఆనించి కిందికి లాగింది.

"వత్తి ఎగదోసినంక చేతికి నూనె అంటదా? గీడ రాసేటోళ్లు. మా అమ్మ గీడ. నేను గీడ." రెండో 'గీడ' దగ్గర చెయ్యి జానెడు కిందికి దిగింది.

పెయింటరు, మీరు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. గోడ మీద పెద్దమనిషి ఎత్తులో ఒక జిడ్డు చార, చిన్నపిల్ల ఎత్తులో ఇంకో చార. ఈ ఇంట్లో పిల్లలు కూడా చాకిరీ చేశారని చెప్పడానికి ఇంక ఏ డైలాగూ అక్కర్లేదు. నల్లపొడిని తుడిచేస్తారు. మట్టి ప్రమిదలు ఆరు తెప్పించి, గూట్లో రెండేసి పెట్టి, ఆముదం పోసి ముట్టిస్తారు. రాత్రంతా వెలుగుతూనే ఉండాలి, రేపంతా కూడా. నకలు మసికి అంచు ఉంటుంది, అసలు మసికి ఉండదు. కెమెరా దగ్గరికి వచ్చిందంటే ఆ తేడా పట్టేస్తుంది.

ఈ పనికి మన దగ్గర ఒక కొలబద్ద ఉంది. 1988లో బి. నర్సింగరావు తీసిన 'దాసి'. కథాకాలం 1920లు. దొరసాని వెంట అరణంగా వచ్చే ఆడపిల్లలను తెలంగాణలో ఆడబాప అనేవారు. గడిలో అలాంటి ఒక ఆడమనిషి చాకిరీ చుట్టూ, ఆమె ఒంటి మీద దొరకున్న హక్కు చుట్టూ ఆ సినిమా తిరుగుతుంది. జాతీయ పురస్కారాలు అయిదు వచ్చాయి. ఉత్తమ తెలుగు చిత్రం, నటి అర్చనకు, ఛాయాగ్రహణం ఎ.కె. బీర్‌కు, కళా దర్శకత్వం తోట వైకుంఠానికి, దుస్తుల రూపకల్పన పిట్టంపల్లి సుదర్శన్‌కు. చివరి రెండింటినీ మీలాంటివాళ్లు కాస్త ఆగి చదవాలి. వైకుంఠంది కరీంనగర్ జిల్లా బూరుగుపల్లి. బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకున్నాడు, ఊరి ఆడవాళ్ల పసుపు మొహాలను, పెద్ద బొట్లను జీవితమంతా కాన్వాసు మీద గీశాడు. సుదర్శన్‌ది ఈ నల్లగొండ జిల్లానే, మిర్యాలగూడ. డ్రాయింగు మాస్టారు. ఆ సినిమా తర్వాత జనం ఆయన ఇంటిపేరు మర్చిపోయి దాసి సుదర్శన్ అనడం మొదలుపెట్టారు. తెలుగు సినిమాలో హీరోలకు బిరుదులు కొల్లలు. బట్టలు చూసుకున్న మనిషికి సినిమా పేరే ఇంటిపేరు కావడం అరుదు. సినిమా కోసం ఊరిని కొత్తగా చూడాల్సిన అవసరం ఆ ఇద్దరికీ లేకపోయింది. గీసి గీసి ఉన్న చేతులే గోడలకు ఒకరివి, చీరలకు ఒకరివి వచ్చాయి.

మధ్యాహ్నం ఎండ బండలను కాల్చేస్తోంది. కాస్ట్యూముల అర్రలోకి రండి. ఇక్కడ ఒక తగువు నడుస్తోంది.

అసిస్టెంటు కుర్రాడు ఒకడు పోచంపల్లి చీర పట్టుకుని నిలబడ్డాడు. "నల్లగొండ సినిమా అంటే పోచంపల్లి లేకుంటే ఎట్ల అన్నా?" వాడి బాధ వాడిది. చీర చాలా బాగుంది కూడా. కానీ మన కథలోని దాసికి కాదు కదా, ఆ రోజుల్లో దొరసానికి కూడా అది దొరికేది కాదు. నూలును కట్టి అద్దకం వేసి నేసే ఆ విద్య చీరాల వైపు నుంచి పోచంపల్లి ప్రాంతానికి చేరిందే గత శతాబ్దం మొదట్లో. అప్పట్లో నేసినవి ముఖ్యంగా తేలియా రుమాళ్లు. నూనె పట్టించిన నూలుతో, ఎరుపు నలుపు రంగుల్లో నేసి అరబ్బు దేశాలకు కూడా పంపేవారు. పట్టుచీర మీదికి ఆ నమూనాలు ఎక్కింది స్వాతంత్ర్యం వచ్చాకే. కుర్రాడు అయిష్టంగా మడతపెట్టి పక్కన పెడతాడు. దొరసానికి గద్వాల చీర ఉంది, ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు, జరీ. పాలమూరు సంస్థానాల నేత కాబట్టి దాని గురించి ఎవరూ పేచీ పెట్టరు.

అసలు పని దాసి చీరతో. దండెం మీద ఒకే రకం ముతక నేత చీరలు మూడున్నాయి. కథ మొదట్లో కట్టేది, మధ్యలో కట్టేది, చివర్లో కట్టేది. చూసేవాళ్లకు మూడూ ఒకటే చీర కావాలి. మొదటిదాన్ని ఊరి బట్టలుతికే పెద్దమ్మకు అప్పజెప్పి నాలుగు రోజులైంది. చౌడు నీళ్లలో నానేసి, ఉబ్బకు పెట్టి, బండ మీద బాది, ఎండకు ఆరేసి, మళ్లీ అదే. రెండోది అంతకు రెట్టింపు తిరిగింది. ఇప్పుడు మూడోదాన్ని నేల మీద పరిచి దాని మీద వంగి ఉన్నారు.

దగ్గరగా చూడండి. పెద్దమ్మ చేతిలో గరుకు కాయితం ఇస్తే, చీర అంతా ఒకేలా రుద్దదు. రుద్దనివ్వదు కూడా.

"కడవ ఏ నడుముకు పెట్టుకుంటది ఆ పిల్ల?"

హీరోయిన్ ఎడమ వైపు పెట్టుకుంటుందని రిహార్సల్లో చూశారు. అయితే ఎడమ నడుము మీద పడే మడత దగ్గర నూలు పలచబడాలి. మోకాళ్ల మీద కూర్చుని బండలు తుడిచేది కాబట్టి అక్కడ రెండు గుండ్రటి చోట్లు వెలవాలి. కొంగు చివర చేతులు తుడుచుకుని తుడుచుకుని పసుపు, మసి, నూనె కలిసిన ఒక రంగు తేలాలి. దానికి పేరు లేదు, షేడ్ కార్డులో నంబరూ లేదు. పెద్దమ్మ పొయ్యి దగ్గరికి పోయి చేతులు మసి చేసుకొచ్చి కొంగుకు తుడిచింది. మళ్లీ పోయింది. మళ్లీ తుడిచింది. అంచు మాత్రం చిరగకూడదు అని గట్టిగా చెప్పింది. ఉన్న ఒక్క చీర అంచు చిరిగితే ఏ ఆడదైనా ఆ రాత్రే కుట్టుకుంటుంది. కాబట్టి అక్కడ చిరుగు బదులు కుట్టు ఉంటుంది, దారం వేరే రంగుది, కుట్లు దీపం వెలుతుర్లో వేసినవి కనక వంకర. మీరు సూదిలో దారం ఎక్కించి ఆమెకే ఇస్తారు.

రైకకు హుక్కులు పీకేసి ముడి పెట్టించారు. గాజులు గాజువే అని పగలగొట్టి మరీ చూశారు. అంతే.

దొర సామాను గురించి పెద్దగా చెప్పుకోడానికి ఏం లేదు. హైదరాబాదు జుమ్మేరాత్ బజారులో డబ్బిస్తే దొరుకుతుంది: వాలుకుర్చీ, హుక్కా, పాన్‌దాన్, పీక్‌దాన్, గోడకు నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పటం. ఇచ్చిపుచ్చుకునే సీను కోసం హాలీ సిక్కా రూపాయలు నాలుగైదు. బ్రిటిషు ఇండియా రూపాయి ఈ ఊళ్లో చెలామణీది కాదు, నిజాం నాణెం వేరు. ఇవన్నీ లారీలో వచ్చాయి, దించారు, తుడిచారు. ప్రేక్షకులు మెచ్చుకునేది ఎలాగూ వీటినే. పేపర్లో ఫొటో పడేది హుక్కాదే.

మూడున్నరకు డైరెక్టరు, కెమెరామన్ వచ్చారు. ట్రయల్ ఫ్రేము. దాసి వంటింట్లోంచి చెంబు పట్టుకుని సాయబాను దాటి దొర అర్ర గడప దగ్గర ఆగాలి. కెమెరామన్ వ్యూఫైండరుకు కన్ను ఆనించి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అతను మాట్లాడకపోతే మీకు కడుపులో తిప్పుతుంది.

"ఇత్తడి ఎక్కువ మెరుస్తోంది. డల్ చెయ్యండి."

సెట్ బాయ్ డల్లింగ్ స్ప్రే డబ్బా పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. గోడవారగా కూర్చున్న అవ్వ మొహం మారింది.

"ఎందుకు సార్ మసి జేస్తరు? దొర ముందట మెరవని చెంబు పెడితే మా అమ్మ వీపు మీద వాతలే."

ఎవరూ మాట్లాడలేదు. డైరెక్టరు మీ వైపు చూశాడు. మీరు ఆలోచించి ఒక మాట అంటారు: దొర ముందుకు పోయే చెంబు మెరుస్తుంది, ఆమె వంటింట్లో తాగే లోటా మెరవదు. చింతపండు, బూడిద పెట్టి దాన్ని తోమే తీరిక ఆమెకు లేదు. కెమెరామన్ కాసేపు సణిగాడు, మెరుపు కంట్లో పడకుండా దీపం జరిపిస్తానన్నాడు. స్ప్రే డబ్బా పక్కకు పోయింది. లోటా ఒకటి వంటింట్లోకి వెళ్లింది, ఫ్రేములో అది అయిదు సెకన్లు ఉంటే గొప్ప.

రెండో చిక్కు నడక దారి. వంటింటి నుంచి అర్ర దాకా షాబాద్ బండల మీద రోజుకు వందసార్లు తిరిగిన దారి కనబడాలని డైరెక్టరు కోరిక. రాయిని అరగదీయడం మీ తరమా? కార్పెంటరు గ్రైండరు అన్నాడు, ఇంటి వారసుల తరఫున ఉన్న మనిషి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. ఆయన భయం న్యాయమైనదే. చివరికి తేలిన ఉపాయం నీళ్లు. దాసి ఎప్పుడూ తడి పనిలోంచే వస్తుంది, కాళ్లు తడిగానే ఉంటాయి. దారి మేర బండలను తడిపి, పైన ఆరిపోయే లోపల రెండోసారి పాదాలతో తొక్కిస్తే, పక్క బండల కన్నా ఆ మేర ముదురుగా కనబడుతుంది. ఎండలో అది నాలుగు నిమిషాలు కూడా ఆగదు. టేకు టేకుకీ ఒకడు బకెట్టుతో పరిగెత్తాలి. బకెట్టు ప్లాస్టిక్‌ది, ఫ్రేములో పడకుండా చూసే పని ఇంకొకడికి.

పొద్దు వాలింది. వంటింట్లో ఆముదం దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. గూటి పై అంచున అప్పుడే గోధుమ రంగు పొర ఒకటి పడింది, వేలుతో తాకితే అంటుకుంటుంది. కంటిన్యూటీ కోసం గూటిని, చారలను, గుమ్మిని, గొంగడిని ఫొటోలు తీసి రిజిస్టరులో తేదీలు వేస్తారు. గొంగడి దగ్గర కట్టె కనబడదు. వెతికితే సెట్ బాయ్ దాంతో ముందరి మామిడిచెట్టుకు కాయలు రాలగొడుతున్నాడు.

ప్రొడక్షన్ మేనేజరు కుర్చీ లాక్కుని బిల్లుల పుస్తకం తెరిచాడు.

"ఆముదం రెండు డబ్బాలు. ఇదేంటి, వంటకా?"

"మసికి."

"మసికని రాస్తే ఆడిటరు నా మొహాన కొడతాడు. ఇంకేమైనా రాయి."

"దీపాలకు అని రాయండి సార్."

"ఈ అవ్వ కూలి ఎవరి ఖాతాలో?"

"మా ఖాతాలోనే. ఇవాల్టిదీ రేపటిదీ రాయండి, పొయ్యిల సంగతి ఇంకా తేలలేదు. ఒక పొయ్యి అటు తిప్పాలంటోంది."

"ఎందుకు?"

"దొరసాని సాయబానులో కూర్చుంటే వంటింట్లో ఎవరేం చేస్తున్నారో కనబడాలట. మనం పెట్టినట్టు పెడితే కనబడదు."

మేనేజరు పెన్ను ఆపి వంటింటి వైపు చూశాడు. మేస్త్రి అప్పటికే గడ్డపార తీసుకుని లేచాడు.